మందును మాటయు: నల్లమందు వ్యసనచికిత్సా చరిత్రము

అభినికి మన పెద్దలు పెట్టిన మఱియొక పేరు నల్లమందు. ఆ పేరులోనే మందు కలదు. అది నొప్పిని అణచెను, అతిసారమును కట్టెను, దగ్గును ఆపెను, నిద్రలేనివారికి నిద్ర తెచ్చెను. ఈ యుపకారమే దానిని ఇంటింటికిని కొనివచ్చెను. అట్లు సేవకు వచ్చినది కొందఱి యిండ్లలో యజమాని యై కూర్చుండెను. దానికి చిక్కినవానిని విడిపించు నుపాయమును లోకము నూఱేండ్లకు పైగా వెదకుచున్నది. తిట్టుట, కట్టివేయుట, ఒట్టు పెట్టించుట, చెఱసాలకు పంపుట, ఇవి యన్నియు పరీక్షింపబడినవి. వీని వెనుక వచ్చినది మందును మాటను జోడించి చేయు చికిత్స. దాని చరిత్రమును తెలిసికొనుట వైద్యులకు మాత్రమే చెల్లిన పని కాదు. అది తెలియకపోవుటచేత మన యిండ్లలో ప్రాణములు పోవుచున్నవి.

తఱచుగా జరుగు కథ యిది. కుమారుడు హెరాయినుకో నొప్పిమాత్రలకో అలవాటుపడెనని తలిదండ్రులకు ఆలస్యముగా తెలియును. తండ్రి కోపించును, తల్లి యేడ్చును, మేనమామ వచ్చి దేవుని యెదుట ప్రమాణము చేయించును. అది నిలువదు. పిమ్మట బంధువులకు తెలియకుండ ఎక్కడనో మూడు నాలుగు వారములుంచి ‘మాన్పించి’ తెత్తురు. ఒడలు తేఱి, ముఖమున కళ వచ్చి, బిడ్డ యింటికి చేరును. గండము గడచెనని అందఱును అనుకొందురు. నిజమునకు గండము అప్పుడే మొదలగును. వానిలో కోరిక చావలేదు. చచ్చినది దేహమునకుండిన ఓర్పు. మునుపు నిత్యము భరించిన మోతాదును, కొన్ని వారములు విడిచియున్న దేహము భరింపలేదు. ఒకనాడు పాత మిత్రుడు కనబడును, పాత మోతాదు పడును, ఊపిరి నిలిచిపోవును. వానికి మనోబలము లేకపోయెనని లోకులు చెప్పుకొందురు. చరిత్రము వేఱుగా చెప్పుచున్నది.

మన దేశమున నల్లమందు క్రొత్తది కాదు. శార్ఙ్గధరసంహితయందు అహిఫేనమను పేర అది కనబడును. కాని దానిని మహావ్యాపారముగా చేసినది ఈస్టిండియా కంపెనీ. 1773లో వారెన్ హేస్టింగ్సు బెంగాలు నల్లమందును కంపెనీ గుత్తక్రిందికి తెచ్చెను. 1820లో గాజీపురమున దానికి కర్మాగారము వెలసెను. సరకులో పెద్దభాగము చీనాకు పోయెను. 1839లో చీనా చక్రవర్తి పంపిన లిన్ జెషూ యను అధికారి ఇరువదివేల పెట్టెలకు పైగా నల్లమందును పట్టి నాశనము చేయించుటయు, దానిపై ఆంగ్లేయులు యుద్ధమునకు దిగుటయు చదువరులెఱుగుదురు. మిగిలినది మన దేశముననే లైసెన్సు అంగళ్లలో అమ్ముడుపోయెను. కూలికి పోవు తల్లులు పసిబిడ్డలను నిద్రపుచ్చుటకు ఆవగింజంత పెట్టి పోవు ఆచారము పెక్కుచోట్ల నుండెను. 1893లో ఏర్పడిన రాయల్ కమిషను రెండేండ్లు విచారించి, ఇచటి వాడుక వలన పెద్ద కీడు లేదనియు, నిషేధ మక్కఱలేదనియు తేల్చెను. సంస్కర్తలు దీనిని గర్హించిరి. అయినను ఆ వాదమంతయు అమ్మవలెనా, మానవలెనా యను దానిమీదనే నడచెను. అప్పటికే అలవాటుపడినవాడు ఏమి కావలెనన్న ప్రశ్న వెనుకబడెను.

ఆ ప్రశ్న పాశ్చాత్యదేశములలో ముందుగా పదునెక్కెను. జర్మనీలో సెర్ట్యూర్నరు అను ఔషధశాలలోని యువకుడు పందొమ్మిదవ శతాబ్దారంభమున నల్లమందునుండి దాని సారమును వేఱుచేసి, గ్రీకుల స్వప్నదేవత పేరిట దానికి పేరు పెట్టెను. అదియే మార్ఫీను. 1853లో ఎడింబరో వైద్యుడు అలెగ్జాండరు వుడ్డు సూదితో మందును చర్మము క్రిందికి ఎక్కించు పద్ధతిని వాడుకలోనికి తెచ్చెను. నోట మ్రింగినది కాక సూదితో ఎక్కించినదానికి అలవాటు పట్టదని కొందఱు వైద్యులు నమ్మిరి. ఆ నమ్మకమెంత తప్పో రోగులు తమ జీవితములతో చూపిరి.

అటుపిమ్మట మార్ఫీనునకు విరుగుడు వెదకిరి. 1884లో వియన్నాలో యువకుడైన ఫ్రాయిడు కొకేనును పొగడి వ్రాసి, మార్ఫీనునకు లోబడిన తన మిత్రుడు ఫ్లైష్ల్ కు దానిని సిఫారసు చేసెను. ఆ మిత్రుడు రెంటికిని బానిసయై 1891లో మరణించెను. 1898లో బేయరు కంపెనీ హెరాయినను పేర క్రొత్త మందును దగ్గునకు అమ్మజొచ్చెను. మార్ఫీను మాన్పుటకు సయితము అది పనికివచ్చునని కొందఱు తలచిరి. కొలది యేండ్లలోనే అది మార్ఫీనును మించిన ఉచ్చని తేలెను. కావున వ్యసనమునకు మందు ఇత్తుమనగనే లోకము శంకించుటలో అన్యాయము లేదు. ఆ శంకకు జవాబు చెప్పవలసిన భారము మందును సమర్థించువారిదే.

అమెరికాలో ఆ శంక చట్టమయ్యెను. 1914లో హారిసన్ చట్టము పుట్టెను. 1919లో అచటి సర్వోన్నత న్యాయస్థానము, వ్యసనపరుని అలవాటును నిలుపుటకై వైద్యుడు మార్ఫీను వ్రాసియిచ్చినచో అది వైద్యము కాదని తీర్పు చెప్పెను. పెక్కు నగరములలో తెఱచిన చిన్న వైద్యశాలలు నాలుగైదేండ్లలో మూతపడెను. రోగి నేరస్థుడయ్యెను, వానిని చూచు వైద్యుడును నేరస్థుడగు భయము కలిగెను. ఇంగ్లండు వేఱుదారి పట్టెను. 1926లో రోల్స్టను అధ్యక్షతన కూడిన వైద్యసంఘము, మందు మానిపించుటకు చేసిన యత్నములు విఫలమై, కొలదిపాటి మోతాదుతో మాత్రమే మామూలు జీవితము గడపగలిగిన రోగికి ఆ మోతాదు నిచ్చుట న్యాయమైన వైద్యమే యని చెప్పెను. ఒకే రోగము ఒక తీరమున నేరము, మఱొక తీరమున జబ్బు.

1935లో అమెరికా ప్రభుత్వము కెంటకీ రాష్ట్రములోని లెక్సింగ్టనులో పెద్ద ఆస్పత్రిని తెఱచెను. ఖైదీలును, తామై వచ్చినవారును అందుండిరి. వ్యవసాయము, పాడి, చేతిపనులు, మంచి గాలి, మనోవైద్యుల సంభాషణ, సర్వమును కలవు. సంకల్పమునకు ఇంతకంటె అనుకూలమైన చోటు దొరకదు. కాని అచటనుండి న్యూయార్కు నగరమునకు తిరిగిపోయినవారిని కనిపెట్టి చూచి 1962లో ప్రకటించిన పరిశోధనలో, నూటికి తొంబదిమందికి పైగా మరల వ్యసనములో పడిరని తేలెను. నూటికి తొంబదిమంది ఓడిన పరీక్షలో తప్పు పరీక్షింపబడినవారిదేనా యని ఎవరో యొకరు అడుగక తప్పదు.

అడిగినవారిలో ముఖ్యురాలు మేరీ నిస్వాండరు. ఈమె మనోవైద్యురాలు, లెక్సింగ్టనులో పనిచేసినది, న్యూయార్కులో వ్యసనపరులకు మాటలతో చికిత్స చేసి, అది చాలకపోవుట కన్నులార చూచినది. వ్యసనపరుడు రోగి యని వాదించుచు 1956లో ఒక గ్రంథము వ్రాసెను. దానిని చదివి ఆమెను పిలిపించిన విన్సెంటు డోలు రాక్‌ఫెల్లరు విద్యాలయములో దేహమున ఆహారము మాఱు తీరును పరిశోధించు వైద్యుడు. అంతకుముందు స్థూలకాయమును పరిశీలించినవాడు. దేహము కోరికను ఎంత మొండిగా కాపాడుకొనునో ఆయనకు తెలియును. 1964లో వీరు తొలి రోగులను ఆస్పత్రిలో ఉంచుకొని మొదట మార్ఫీనే యిచ్చిరి. ఫలితము శూన్యము. మోతాదు పెరుగుచు పోయెను. రోగులు కుర్చీలలో కూర్చుండి తరువాతి సూది యెప్పుడని గడియారము చూచుచుండిరి. పిమ్మట మెథడోనును ఇచ్చి చూచిరి. అది రెండవ ప్రపంచయుద్ధమునకు ముందు జర్మనీలో హోక్స్ట్ కంపెనీ రసాయనజ్ఞులు నొప్పికై చేసిన మందు. నోట మ్రింగినచో ఒక దినమునకు పైగా దేహములో నిలుచును. కొన్ని వారములలో రోగులు మాఱిరి. ఒకడు బొమ్మలు వేయ నారంభించెను, మఱియొకడు చదువు కొనసాగించుటకై బడి మాట యెత్తెను. మందు వారిని మత్తులో ఉంచలేదు. మందును గూర్చిన ఆలోచననుండి వారిని విడిపించెను.

1965లో 22 మంది రోగుల వృత్తాంతమును వీరు అమెరికా వైద్యసంఘపత్రికలో ప్రకటించిరి. మెథడోను రెండు పనులు చేయుచున్నదని వ్రాసిరి: ఆకలివంటి తహతహను అణచుట, దానిపైన హెరాయిను తీసికొన్నను మత్తు తలకెక్కకుండ అడ్డగించుట. అంతటితో ఆగక, రోగులకు చదువు, ఉద్యోగము, నివాసము చూపు కార్యక్రమమును మందుతోడ జోడించితిమనియు, రోగులు బడులకు, పనులకు మరలి, కుటుంబములతో సమాధానపడిరనియు తెలిపిరి. మందును మాటయు ఆదినుండియే జంటగా పుట్టినవని దీనిచే గ్రహింపవలెను. మాటలతో వైద్యము చేసిన స్త్రీయే మందు కావలెననెను. రసాయనములు ఎఱిగిన పురుషుడే మందు మాత్రము చాలదనెను. మాదకద్రవ్యశాఖ అధికారులు వచ్చి బెదరించినపుడు, కావలసిన వ్యాజ్యము వేయుడని డోలు జవాబు చెప్పెను. వారు వేయలేదు.

ఒక బానిసత్వమునకు బదులు మఱొక బానిసత్వము కాదా యని నాటి నుండి నేటి దాక అడుగుచున్నారు. తలకొట్టి త్రోయదగిన ప్రశ్న కాదిది. హెరాయిను కొన్ని గంటలలో దిగిపోవును. ఆ దినమంతయు ఎక్కుట, దిగుట, వెదకుట, అప్పు చేయుట, అబద్ధమాడుట. మెథడోను దినమునకొకమాఱు నోట పడును. ఎక్కుటయు లేదు, దిగుటయు లేదు. మెదడులో ఈ జాతి మందులు పట్టుకొను స్థానములున్నవని 1973లో సాల్మన్ స్నైడరు, కాండేస్ పెర్టు కనుగొనిన పిమ్మట దీని కీలు మఱింత తెలిసెను: ఆ స్థానము నిలుకడగా నిండియున్నపుడు మనస్సు ఇతర కార్యములకు తీరిక పొందును. మధుమేహరోగి నిత్యము ఇన్సులిను తీసికొనును. వానిని ఇన్సులిను బానిస యని ఎవరును పిలువరు. దేహము ఒక మందుపై ఆధారపడుట వేఱు, ఆ మందుకై ఇల్లు, ఒళ్లు, మానము అమ్ముకొనుట వేఱు. వ్యసనమనగా రెండవది. అయినను మెథడోను ఆటవస్తువు కాదు. మొదటి వారములలో మోతాదు హెచ్చినచో అదియు ఊపిరిని ఆపగలదు. పసిపిల్లల చేతికి చిక్కినచో ప్రాణాంతకము. వైద్యుని కనుసన్నలలోనే అది నడువవలెను.

ఈ భయమును తగ్గించు మందు ఇంగ్లండులోని హల్లు నగరమునుండి వచ్చెను. అచట రెకిట్ కంపెనీలో జాన్ లూయిస్ అను రసాయనజ్ఞుని బృందము 1966లో బ్యూప్రెనార్ఫినును తయారుచేసెను. అది మెదడులోని ఆ స్థానమును గట్టిగా పట్టుకొనును గాని సగముమాత్రమే కదల్చును. కావున మోతాదు పెంచినను ఒక మేరకు మించి ఊపిరిని అణచదు. నిద్రమాత్రలతోను మద్యముతోను కలిసినచో మాత్రము అపాయము కలదు. నాలుక క్రింద కరగించుకొను ఈ మాత్రను ఫ్రాన్సు దేశము 1996నుండి సామాన్యవైద్యులందఱి చేత వ్రాయనిచ్చెను. మాదకద్రవ్యముల మోతాదు మించి చనిపోవువారి సంఖ్య 1995 మొదలు 1999 లోపల అచట నూటికి 79 వంతులు తగ్గెను. 2005లో ప్రపంచ ఆరోగ్యసంస్థ మెథడోనును, బ్యూప్రెనార్ఫినును అత్యవసరౌషధముల పట్టికలో చేర్చెను.

మఱి మాటకు గల స్థానమేమి? 1971 ప్రాంతమున వియత్నామునుండి తిరిగివచ్చిన అమెరికా సైనికులలో హెరాయినునకు అలవాటుపడినవారిని లీ రాబిన్సు అను విదుషి వెంబడించి పరిశీలించెను. వారిలో మిక్కిలి పెద్దభాగము ఇల్లు చేరి మరల దానిని పట్టుకొనలేదు. యుద్ధభూమి, భయము, తోడివారు, చౌకగా దొరకు సరకు, ఇవి వెనుకబడినవి. వ్యసనము మెదడులో మాత్రమే కాదు, వీథిలోను స్నేహములోను దుఃఖములోను సయితము కాపురముండునని దీనివలన తెలియును. మాట పనిచేయవలసినది అచటనే.

కౌన్సిలింగని నేడు మనము పిలుచు ఈ మాట నీతిబోధ కాదు. 1983లో విలియం మిల్లరు అను మనశ్శాస్త్రజ్ఞుడు తాగుబోతుల చికిత్సను గూర్చి వ్రాయుచు, వాదించినకొలది రోగి తన వ్యసనమునే సమర్థించుకొనుననియు, మాఱుటకు తగిన కారణములను వాని నోటనే పలికింపవలెననియు చూపెను. ఏ వేళ, ఏ వీథిలో, ఏ కోపముతో మనసు జాఱుచున్నది, అప్పులెట్లు తీరును, భార్య నమ్మిక యెట్లు మరల వచ్చును, పని యెచట దొరకును, ఇట్టివి నెమ్మదిగా మాటాడుకొనుటయే కౌన్సిలింగు. 1993లో ఫిలడెల్ఫియాలో 92 మందిని మూడు జట్లు చేసి ఆఱునెలలు పరీక్షించిరి. అందఱికిని మెథడోను ఇచ్చిరి. ఒక జట్టునకు అది మాత్రమే, రెండవదానికి కౌన్సిలింగు, మూడవదానికి కౌన్సిలింగుతో పాటు వైద్యము, ఉద్యోగము, కుటుంబవిషయములలో సాయము. రెండవ జట్టు మొదటిదానికంటె మేలుగాను, మూడవది అన్నిటికంటె మేలుగాను నడచెను.

అట్లయినచో మాట యొక్కటే చాలదా? దీనికి కఠోరమైన జవాబు 2003లో స్టాకుహోమునుండి వచ్చెను. 40 మంది హెరాయిను రోగులు. అందఱికిని ఏడాదిపాటు గట్టి కౌన్సిలింగు, సామూహికచికిత్స. ఇరువదిమందికి ప్రతిదినము బ్యూప్రెనార్ఫిను; తక్కిన ఇరువదిమందికి ఆఱు దినములలో దానిని తగ్గించి మాన్పి, పిదప మందు లేని ఉత్తమాత్ర. ఏడాది చివర మొదటి ఇరువదిమందిలో 15 మంది చికిత్సలో నిలిచిరి. రెండవ ఇరువదిమందిలో ఒక్కడును నిలువలేదు, నలుగురు చనిపోయిరి. మాట యెంత మంచిదైనను, తహతహతో వణకుచున్న చెవికి అది వినబడదు. మందు చెవిని తెఱచును. ఆ పిమ్మట మాట లోనికి పోవును.

ఇచట మఱియొక సంగతి దాచరాదు. 2006లో యేలు విశ్వవిద్యాలయమువారు 166 మందికి బ్యూప్రెనార్ఫిను ఇచ్చుచు, కొందఱితో కొద్దిసేపును, కొందఱితో ఎక్కువసేపును మాటాడించి చూచిరి. రెండు తెగలవారి ఫలితములును ఇంచుమించు సమానము. వైద్యుడే శ్రద్ధగా పలుకరించు కొద్దిపాటి మాటయు కొందఱికి చాలునని దీనిచే తేలినది. కావున కౌన్సిలరు దొరకలేదన్న నెపముతో మందు నిరాకరించుట ధర్మము కాదు. జోడు కుదిరినచో మేలు. కుదరనిచో మందును ఆపరాదు. పెక్కు దేశముల లెక్కలను కూర్చి 2017లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, మెథడోను చికిత్సలో ఉన్నవారిలో ఏటికి వేయింటికి 11 మంది చనిపోగా, చికిత్స విడిచినవారిలో 36 మంది చనిపోయిరి. విడిచిన తొలివారములు మఱింత ప్రమాదకరములు. ‘ఇంక ఎన్నాళ్లీ మాత్ర?’ అని తొందరపెట్టు బంధువులు ఈ అంకెలను జ్ఞాపకముంచుకొనవలెను.

మన దేశమున 1949లో కూడిన అఖిలభారత నల్లమందు మహాసభ, పదేండ్లలో వైద్యేతరమైన వాడుకను అంతమొందించుటకు నిశ్చయించెను. అంగళ్లు మూతపడెను. 1985లో మాదకద్రవ్యముల చట్టము వచ్చెను. శిక్షలు కఠినములు; అయినను స్వల్పపరిమాణముతో పట్టుబడిన వ్యసనపరుడు స్వచ్ఛందముగా చికిత్సకు వచ్చినచో విచారణనుండి విముక్తి పొందు మార్గము ఆ చట్టముననే, 64ఏ సెక్షనులో కలదు. అది తెలిసిన కుటుంబములు కొలది. 1990వ దశకమున ఢిల్లీలోని ఎయిమ్సు వైద్యులు బ్యూప్రెనార్ఫినుతో చికిత్సను నడిపిరి. సూదులద్వారా ఎయిడ్సు వ్యాపించుట చూచి జాతీయ ఎయిడ్సు నియంత్రణ సంస్థ ఆ చికిత్సను తన కార్యక్రమములో చేర్చుకొనెను. 2012లో మెథడోనును వచ్చెను. 2017 అక్టోబరునుండి పంజాబు ప్రభుత్వము రోగులను ఆస్పత్రిలో ఉంచుకొనకయే మందును కౌన్సిలింగును ఇచ్చు క్లినిక్కులను తెఱచెను. 2019లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన సర్వే ప్రకారము నల్లమందు జాతి పదార్థములను వాడువారు 2 కోట్ల 26 లక్షలు. వారిలో సాయము కావలసినవారు ఇంచుమించు 77 లక్షలు. ఇది పంజాబు గోల యని, మణిపురపు గోల యని మనము చేతులు దులుపుకొనుటకు వీలు లేదు.

చెఱవలె నడచు శాలలలో సంకెళ్లు వేసి మాన్పింతుమనువారు ఇంకను కలరు. 2017నాటి మానసికారోగ్యచట్టము మాదకద్రవ్యములవలన కలుగు మానసికస్థితులను రోగములలో చేర్చి, రోగిని గొలుసులతో కట్టుటను నిషేధించినది. డబ్బిచ్చి బిడ్డను కట్టించుకొను తండ్రి ప్రేమచేతనే ఆ పని చేయుచుండవచ్చును. కాని ఆ గొలుసు లెక్సింగ్టను కంచెకంటె బలమైనది కాదు.

గృహస్థులు చేయదగిన పనులు కొన్నియే. బిడ్డ యిట్లయ్యెనని తెలిసిననాడు తగవు పెట్టుకొనక మనోవైద్యునికడకు పోవలెను. మాన్పించుటతో చికిత్స ముగియునని నమ్మరాదు. అటుపిమ్మట ఏ మందు, ఎన్నాళ్లు, ఎవరు మాటాడుదురని అడుగవలెను. మాత్ర వేసికొని పనికి పోవువానిని ‘ఇంకను మానలేదు’ అని దెప్పరాదు. మరల జాఱినచో తలుపు మూయరాదు. రక్తపుపోటు మరల హెచ్చినవానిని మనము ఇంటినుండి వెడలగొట్టుటలేదు గదా. ఊపిరి మందగించిన వేళ ఆస్పత్రికి తీసికొనిపోవుటలో పరువునకై ఒక్క నిమిషమైనను జాగు చేయరాదు. 1961లో కనుగొన్న నాలోక్సోను అను విరుగుడు అచట కలదు, అది నిమిషములలో ఊపిరిని మరల తెచ్చును.

న్యూయార్కులోని ఆ తొలి రోగులకు మందు ఇచ్చినది కొలదిపాటి తీరిక మాత్రమే. ఆ తీరికలో బడికి పొమ్మనినవారును, పని చూపినవారును, ఇంటిలోనికి రానిచ్చినవారును మనుష్యులు. మందును వైద్యుడు వ్రాయును. మాటలో సగమైనను మనది.